గండికోటలో లోయ సరే, నీళ్లేవి?

గండికోట అని ఇన్‌స్టాలో కొట్టి చూడండి. ఎన్ని రీల్స్ వచ్చినా ఫ్రేమ్ మాత్రం ఒకటే. ఎర్రటి బండ అంచు, దాని మీద ఎవరో చేతులు చాపుకుని, కింద పెన్న. పైన "ఇండియన్ గ్రాండ్ క్యానియన్" అని క్యాప్షన్. మన కాలేజీ నుంచి పోయినసారి వెళ్లిన బ్యాచ్ స్టేటస్‌లు కూడా ఇవే. వాళ్లను తప్పుపట్టడం లేదు, ఆ లోయ అట్లాంటిది. నేనూ అక్కడ ఫొటో దిగినాను. కానీ గండికోటలో అంతకంటే గొప్పది ఇంకొకటి ఉంది, దాన్ని మనం చూడకుండా వస్తున్నాం, చూడకపోవడం వల్ల అది పోయే ప్రమాదం కూడా ఉంది అని నా అభిప్రాయం. అదే రాస్తున్నా.

ముందు ఆ గ్రాండ్ క్యానియన్ సంగతి తేల్చేద్దాం. గండి అంటేనే కొండను చీల్చుకుని నది పోయే దారి. గండి ఉన్న చోట కోట, కాబట్టి గండికోట. పేరులోనే అంతా ఉంది, ఇంకో దేశం పేరు అప్పు తెచ్చుకోవాల్సిన పని లేదు. పైగా ఆ పోలికలో మనమే ఓడిపోతాం. అమెరికాలోది 446 కిలోమీటర్ల పొడవు, లోతు మైలుకు పైనే. మనది సుమారు 300 అడుగులు. ఎవరైనా అక్కడ చూసొచ్చినవాళ్లు ఇక్కడికి వస్తే "ఇంతేనా" అంటారు. కానీ ఆ లోయ అంచున ఒక కోట, కోటలో గుడి, మసీదు, ధాన్యాగారం, మహలు, చెరువు, ఆ చెరువు నీళ్లతో ఒక తోట. అది అరిజోనాలో లేదు. పోలికే కావాలంటే అటు కాదు, స్పెయిన్ వైపు చూడాలి.

గ్రనడాలో ఒక విడిది

నేను ఇంగ్లిష్ మీడియంలో చదివినాను. దాని ఫలితం ఏమిటంటే, అల్హంబ్రా పేరు నాకు ఇంటర్‌లోనే తెలుసు, పారేబాగ్ పేరు మాత్రం ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో తెలిసింది. అల్హంబ్రా ఎట్లా తెలిసిందంటే, ఎషర్ బొమ్మల వల్ల. ఒక బల్లి పక్కన ఇంకో బల్లి, మధ్యలో ఖాళీ లేకుండా అల్లుకుపోయే ఆ బొమ్మలు మీరూ చూసే ఉంటారు. ఆయన 1922లో ఒకసారి, 1936లో ఇంకోసారి స్పెయిన్‌లోని గ్రనడా వెళ్లి, అల్హంబ్రా గోడల మీది పలకల నమూనాలు చూసి వచ్చినాడు. ఆ దారిలో చదువుకుంటూ పోతే దాని పక్కనే ఉన్న ఇంకో చోటు దొరికింది. పేరు హెనెరాలీఫె.

అది నస్రీద్ సుల్తానుల విడిది. అల్హంబ్రా అంటే దర్బారు, పాలన, సైన్యం. ఆ గోల నుంచి తప్పించుకోవడానికి పక్క కొండ మీద కట్టుకున్న చిన్న మహలు, దాని చుట్టూ తోటలు. పదమూడో శతాబ్దం చివర్లో, పద్నాలుగో శతాబ్దం మొదట్లో రూపు దిద్దుకుంది. మహలు మరీ గొప్పదేమీ కాదు. గొప్పదంతా నీళ్లది. దార్రో అనే చిన్న నది నుంచి దాదాపు ఆరు కిలోమీటర్లు కొండ వాలు వెంబడి కాలువ తవ్వి, ఆ నీటిని మహలు మధ్య నుంచే పోనిచ్చినారు. పొడుగాటి పెరడు, నడిమధ్యన కాలువ, రెండు వైపులా పూలమడులు. ఇంకో చోట మెట్లున్నాయి, వాటి పిట్టగోడల పైభాగమే కాలువ. మీరు మెట్లు దిగుతుంటే మీ చెయ్యి పక్కన నీళ్లు కూడా దిగుతుంటాయి. ఎక్కడా పంపు లేదు. కాలువను తోటకంటే ఎత్తులో తెచ్చిపెట్టినారు, మిగతాదంతా గ్రావిటీ చేసింది.

ఒక లెక్క చెప్తా, నమ్మబుద్ధి కాదు. గ్రనడాలో ఏడాదికి పడే వాన 400 మిల్లీమీటర్ల లోపే. మన కడప జిల్లాలో అంతకంటే ఎక్కువే పడుతుంది. వాళ్లకు పైన మంచు కొండలున్నాయి, నిజమే. అయినా "మాది కరువు సీమ, ఇక్కడ తోటలేంది" అని మనం అనుకునే మాట అక్కడి వాళ్లకూ సరిపోయేదే. వాళ్లు ఆ మాట అనుకోలేదు.

మన కొండ మీద

మాది వల్లూరు. పెన్న గండికోట దాటి, మైలవరం డ్యామ్ దాటి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చూసుకుని మా పుష్పగిరి దగ్గరికి వస్తుంది. కాబట్టి గండికోట మాకు పైనున్న ఊరే. పదమూడో శతాబ్దంలో ఈ సంబంధం ఇంకా గట్టిది. కాకతీయుల కింద కాయస్థ నాయకులు వల్లూరు రాజధానిగా ఈ ప్రాంతమంతా ఏలినారు. రుద్రమదేవి మీద తిరగబడిన అంబదేవుడు వాళ్లలోని వాడే. నేను చదివిన బడిలో ఇది ఎవరూ చెప్పలేదు, సిలబస్‌లో లేదు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో నలుగురం రెండు బండ్ల మీద పోయినాం. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. పెద్ద వాకిలి దాటి లోపలికి పోతే ముందు ఊరు వస్తుంది. గండికోట ఖాళీ కోట కాదు, లోపల ఇప్పటికీ జనం కాపురం ఉన్నారు, బట్టలు ఆరేసి ఉంటాయి, కోళ్లు తిరుగుతుంటాయి. చార్మినార్‌ను చిన్నది చేసినట్టుండే పావురాల గోపురం, జైలు, మాధవరాయస్వామి గుడి గోపురం, ఇంకొంచెం పోతే జామా మసీదు మినార్లు, ధాన్యాగారం. గుడి, మసీదు రెండూ ఒకే చూపులో కనిపిస్తాయి. ఇటుకలతో కట్టిన మహలు మాత్రం చాలావరకు కూలిపోయింది, అక్కడక్కడా గచ్చు మీద అలంకారం మిగిలింది.

మా వాళ్లు ముగ్గురూ లోయ వైపు పరుగు. నేను మసీదు దగ్గర రాయల చెరువు ఒడ్డున ఆగినా. ఎందుకంటే పోయే ముందు చదివిన దాంట్లో ఒక వాక్యం బుర్రలో తిరుగుతోంది. ఈ చెరువు నుంచి గొట్టాల ద్వారా పొలాలకూ, పారేబాగ్ అనే తోటలోని ఫౌంటెన్‌కూ నీళ్లు పోయేవని. నేను అటూ ఇటూ చూస్తుంటే మేకలు తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చినాడు.

"ఏం నాయనా, దావ తప్పినావా? లోయ ఆ పక్క ఉండాది."

"లేదు తాతా, చెరువు చూస్తాండా. ఈ నీళ్లు పోయే తోట ఒకటి ఉన్నిందంట కదా?"

ఆయన నన్ను కిందికీ మీదికీ చూసినాడు. "తోటా? కింద ఏటి గట్టున ఉన్నిందని మా నాయన చెప్తాండె. ఇప్పుడు యాడుంది? ఇన్నేండ్లలో దాని గురించి అడిగినోల్లు తక్కువ నాయనా. అందరూ లోయ యాడ, బాత్రూమ్ యాడ, అంతే."

నవ్వొచ్చింది కానీ, ఆలోచిస్తే మన టూరిజం మీద ఇంతకంటే సూటి మాట నేను చదవలేదు.

చెరువు రాయలది, బాగ్ పారశీది

ఇప్పుడు మనం ఇంజినీర్లం కదా, కొంచెం ఆలోచిద్దాం. చెరువు పైన, తోట దిగువన. నీళ్లను చెరువు నుంచి మూసిన గొట్టంలో కిందికి దించితే, ఎత్తు తేడా ప్రతి పది మీటర్లకూ సుమారు ఒక అట్మాస్ఫియర్ ప్రెషర్ పెరుగుతుంది. కింద సన్నటి రంధ్రం పెడితే నీళ్లు పైకి చిమ్ముతాయి. రాపిడి నష్టాలు పోగా ఎంత ఎత్తు మిగిలితే అంత ఎత్తు ఫౌంటెన్. ఫస్టియర్ ఫిజిక్స్. కానీ చెయ్యడం అంత ఈజీ కాదు. వాలు సరిగ్గా చూసుకోవాలి, గొట్టం అతుకులు ఊడిపోకుండా ప్రెషర్‌ను అక్కడక్కడా తగ్గించుకోవాలి, పూడిక అడ్డం పడకుండా చూడాలి. కరెంటు లేని రోజుల్లో ఈ పని చేసిన మేస్త్రీలు మన జిల్లా కొండ మీద ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ రాతి మీదా మనం వెతకం.

నాకు బాగా నచ్చింది పేర్లు. చెరువు పేరు రాయల చెరువు, విజయనగరం గుర్తు. తోట పేరులో బాగ్, అది పారశీ మాట. పెమ్మసాని నాయకుల చేతిలో ఉన్న ఈ కోటను 1650 ప్రాంతంలో గోల్కొండ తరఫున గెలుచుకున్న మీర్ జుమ్లా పుట్టింది ఇరాన్‌లో, ఇస్ఫహాన్ దగ్గరి అర్దెస్తాన్‌లో. అది మన సీమకంటే ఎండిన నేల. అక్కడి వాళ్లు వేల ఏండ్లుగా భూమి కింద సొరంగాలు తవ్వి, కొండల అడుగు నుంచి నీళ్లు తెచ్చి, నాలుగు మడుల తోటలు పెంచినారు. పారశీ తోటలకు 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ తోట ఆలోచనే అరబ్బుల వెంట పడమటికి పోయి గ్రనడా చేరింది. అదే ఆలోచన తూర్పుకు వచ్చి మొఘల్ తోటలైంది, దక్కన్ బాగ్‌లైంది. అంటే హెనెరాలీఫె, పారేబాగ్ ఒకే తాత మనవళ్లు. ఒకరు బాగుపడినారు, ఇంకొకరి అడ్రస్ మనకు దొరకడం లేదు.

కానీ మన తోటలో ఒక విశేషం ఉంది. అక్కడ నీళ్లు తెచ్చిందీ తోట వేసిందీ ఒకే రాజ్యం. ఇక్కడ ఒకరి పేరు మీద చెరువు, ఇంకొకరి భాషలో తోట, మధ్యలో గొట్టం. మన ప్రాంతం చరిత్ర అంతా ఒక్క ముక్కలో చెప్పమంటే నేను ఆ గొట్టాన్నే చూపిస్తా.

1652లో మీర్ జుమ్లాను కలవడానికి ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే కూడా కొండ మీద ఊట నీళ్లతో తడిసే వరి, చిరుధాన్యాల పొలాల గురించి రాసినాడు. కోటను ఆయన చూసింది యుద్ధం అయిపోయిన కొత్తలో. అయినా పంటను గమనించినాడు. మనం డ్రోన్ పట్టుకుని పోయి కూడా గమనించడం లేదు.

"ఇవన్నీ రాజుల సోకులే కదా?"

ఈ విషయం హాస్టల్‌లో చెప్తే మూడు ప్రశ్నలు వచ్చినాయి. మూడూ న్యాయమైనవే.

మొదటిది: జనం తాగనీకి నీళ్లు లేక అల్లాడిన సీమలో ఫౌంటెన్లు పెట్టుకున్నోళ్లను పొగడాలా? పొగడొద్దు. కానీ చెరువు నుంచి పోయిన గొట్టాలు ఫౌంటెన్‌కు ఒక్కదానికే పోలేదు, పొలాలకూ పోయినాయి. హెనెరాలీఫెలో కూడా పూలమడుల కింద కూరగాయల మడులున్నాయి, వాటిని ఇప్పటికీ సాగు చేస్తున్నారు. ఆ కాలువ అల్హంబ్రా ఊరికంతా నీళ్లిచ్చింది. అందం, అవసరం ఒకే కాలువలో పోయినాయి. మనం ఆ రెండింటినీ విడదీసినాం. ఇప్పుడు మన ఊళ్లలో కాలువ అంటే సిమెంటు, అందం అంటే రోడ్డు మధ్య ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు.

రెండోది: మీర్ జుమ్లా గుళ్ల విగ్రహాలు కరిగించి ఫిరంగులు పోయించాలని చూసినోడు కదా? అవును, ఆ సంగతి రాసింది కూడా తావెర్నియేనే. దాన్ని దాచాల్సిన పని లేదు. గైడు అది కూడా చెప్పాలి. గ్రనడాలోనూ 1492లో సుల్తాను ఓడిపోయి వెళ్లిపోయినాడు, కొత్త రాజులు మసీదు స్థానంలో చర్చి కట్టినారు, పాత మహళ్ల పక్కనే తమ సొంత మహలు లేపినారు. ఎవరూ పుణ్యాత్ములు కారు. కానీ కాలువను మాత్రం పూడ్చలేదు. ఓడినోడి నీళ్లను గెలిచినోడు వాడుకున్నాడు, అందుకే తోట బతికింది. నీళ్లకు మతం అంటగట్టకుండా ఉండే తెలివి చరిత్రలో అరుదుగా కనిపిస్తుంది. అది కనిపించిన చోటును కాపాడుకోవాలి.

మూడో ప్రశ్న అడిగినోడిది కొండాపురం వైపు. "గండికోట అంటే మీకు కోట. మాకు రిజర్వాయర్. మా ఊళ్లు మునిగినాయి" అన్నాడు. దీనికి నా దగ్గర గబుక్కున చెప్పే జవాబు లేదు. 26.85 టీఎంసీల నీళ్లు ఆ కొండల మధ్య నిలబెట్టడానికి ఊళ్లకు ఊళ్లు లేచి పోయినాయి. ఆ నీళ్లు వేరే ఊళ్ల పొలాలకు కావాల్సినవే. కానీ పెన్న మీద ఎప్పుడు ఎవరు నీళ్లు పట్టినా, ఎవరికి అందింది, ఎవరు పోగొట్టుకున్నారు అని అడగాల్సిందే. రాయల చెరువుకు ఆ ప్రశ్న వేయాలి, రిజర్వాయర్‌కూ వేయాలి. అందుకే గండికోటను నీళ్ల కథగా చెప్పాలంటున్నా. లోయ కథగా చెప్తే మునిగిన ఊళ్లకు అందులో చోటు లేదు. అక్కడ రాళ్లు, గాలి, సూర్యాస్తమయం, అంతే. నీళ్ల కథగా చెప్తే వాళ్లూ అందులో ఉంటారు.

ముందు వెతకాలి, తర్వాతే కట్టాలి

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, డబ్బులు వస్తున్నాయి కాబట్టి. 2024 చివర్లో కేంద్రం దేశంలో 40 పర్యాటక ప్రాజెక్టులకు రాష్ట్రాలకు నిధులు మంజూరు చేసింది. అందులో గండికోటకు 77.91 కోట్లు. సంతోషం. మా జిల్లా పేరు బాంబులతో కాకుండా ఇంకో దానితో వినపడితే మాకంటే సంతోషించేవాళ్లు ఎవరుంటారు? కోట కట్టడాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, వాటి చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త కట్టడాలకు చట్టం ఒప్పుకోదు. కానీ తోట, గొట్టాల దారి కొండ వాలులో ఎక్కడ పోయినాయో గుర్తించకపోతే వాటి చుట్టూ 100 మీటర్లు ఎవరు కొలుస్తారు? గుర్తించని చోట పార్కింగ్ వస్తుంది, రిసార్ట్ పునాది పడుతుంది. జేసీబీ ఒక్క పూట తవ్వితే చాలు, ఆ తర్వాత వెతకడానికి ఏమీ ఉండదు.

హెనెరాలీఫెలో జరిగింది వినండి. 1958లో అక్కడ మంటలు లేచి కాలువ పెరడు పక్కనున్న కట్టడాలు దెబ్బతిన్నాయి. వెంటనే పాతదాని మీద కొత్తది కట్టేయలేదు. తవ్వి చూసినారు. చూస్తే అప్పటి మట్టం కింద సుల్తానుల కాలం నాటి అసలు మడులు బయటపడినాయి. నాలుగు భాగాలుగా, కాలువ నుంచి నీళ్లు పారడానికి పెట్టిన రంధ్రాలతో సహా. ఇంకో తమాషా ఏమిటంటే, అక్కడికి పోయిన ప్రతివాళ్లూ ఫొటో తీసుకునే ఆ వంపు తిరిగిన నీటి చిమ్ములు సుల్తానులవి కావు, పందొమ్మిదో శతాబ్దంలో పెట్టినవి. ఫొటోకు బాగుండేది ఒకటి, అసలైనది ఇంకొకటి. అసలైనది మట్టి కింద ఓపిగ్గా ఉంది, తవ్వినోళ్లకే కనిపించింది.

ఇక్కడా అదే అడుగుతున్నా. మొదటి ఖర్చు వెతకడం మీద పెట్టండి. చెరువుకు వాన నీళ్లు వచ్చే దారులు, చెరువు నుంచి బయటికి పోయే తూములు, గొట్టాల ఆనవాళ్లు, కింద ఏటి గట్టున తోట ఆనవాళ్లు, వీటన్నిటితో ఒక మ్యాప్. తర్వాత చెరువు పూడిక. ఆ తర్వాత, ఆనవాళ్లు దొరికితే, ఒక చిన్న భాగంలోనైనా పంపు లేకుండా నీళ్లు పారించి చూపించండి. తోటలో లాన్ గడ్డి వద్దు, దాని దాహం మన నేల తీర్చలేదు. నిమ్మ, దానిమ్మ, సీతాఫలం వేయండి. చెప్పే పని కోటలో కాపురముండే పిల్లలకు, ముంపు ఊళ్ల పిల్లలకు ఇవ్వండి. బోర్డు మీద తెలుగు పైన ఉండాలి, "ఇండియన్ గ్రాండ్ క్యానియన్" అసలు ఉండకూడదు.

"మరి నువ్వు గ్రనడాతో పోల్చినావు కదా?" అని మీరు అడగొచ్చు. పోల్చినాను. గ్రాండ్ క్యానియన్‌తో పోల్చేవాళ్లు రూపాన్ని పోలుస్తున్నారు, రూపం మనం మార్చలేం. నేను పోల్చేది పనిని. పని నేర్చుకోవచ్చు.

చివరగా మనకు. ఫైనలియర్ ప్రాజెక్టుకు ప్రతి బ్యాచ్‌లో హాజరు పట్టే ఫేస్ రికగ్నిషన్ సిస్టమ్‌లు ఎన్ని వస్తాయో మీకు తెలుసు. దానికి బదులు ఒక కొండ వాలును త్రీడీలో మ్యాప్ చేసి, చెరువు మట్టం నుంచి నీళ్లు ఏ దారిలో దిగడానికి వీలుందో ఒక సిమ్యులేషన్ రాస్తే? గ్రాఫ్, వెయిట్, షార్టెస్ట్ పాత్, మనం చదివేదంతా అందులో పనికొస్తుంది. సివిల్ వాళ్లు ఇద్దరు, మన సీఎస్‌ఈ వాళ్లు ఇద్దరు, ఈసీఈలో డ్రోన్ ఎగరేయడం వచ్చినోళ్లు ఒకరు చాలు. డ్రోన్‌కు, సర్వేకు పురావస్తు శాఖ పర్మిషన్ కావాలి కాబట్టి ముందు ఉత్తరం రాయాలి. నేను మొదలుపెట్టినా. తెలుగులోనే రాస్తున్నా, ఒత్తులు తప్పు పోతున్నాయి. దిద్దేవాళ్లు కావాలి, క్లబ్ గ్రూపులో మెసేజ్ పెట్టండి.